ఇంటితో పాటు మేమూ

నాకు సంతోషమొచ్చినా కోపమొచ్చినా లక్షణాలు ఒకటే. కాళ్లు ఒకచోట నిలవవు, నోరు అసలే నిలవదు. మా ఆయన ఆర్టీసీలో డ్రైవరు. "అందరికీ బ్రేకులు పెట్టిన దేవుడు నిన్ను మాత్రం అట్లనే రోడ్డు మీదికి వదిలినాడు" అని పెళ్లయిన కొత్తలో అన్నాడు, ఇప్పటికీ అంటూనే ఉన్నాడు. ఆ నోటితోనే మేం అద్దెకున్న ఇంటిని నేనే దగ్గరుండి అమ్మిపెట్టాను. ఆ ఇంట్లోంచి మమ్మల్ని కదలకుండా ఆపింది కూడా ఆ నోరేనని నా వాదన. మా ఆయన ఒప్పుకోడు.

ప్రొద్దుటూరులో మాది ఇరుకు సందు. ఆ సందులో ఆ ఇల్లు మాకు సొంతిల్లు కిందే లెక్క. మా అమ్మాయి బడికి వెళ్లే వయసులో చేరాం, అక్కడి నుంచే దానికి పెళ్లి చేసి పంపాం. ముందు గదిలో నా కుట్టు మిషను, దాని పక్కన సందులోని ఆడవాళ్లందరి జాకెట్లు. ఇంటి యజమానిది జమ్మలమడుగు. అక్కడ ఎరువుల అంగడి. ఏటా ఉగాదికి ఒకసారి వచ్చి అద్దె కాగితం కొత్తది రాయించి, ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాక, నేను చేసిన ఓళిగలు తిని వెళ్లేవాడు. మళ్లీ ఉగాది దాకా ఆయన మొహం మేం చూసేది లేదు, మా మొహం ఆయన చూసేది లేదు. యజమాని అంటే ఇంతకంటే ఇంకేం కావాలి?

ఆ ఏడు దసరాకు మా అమ్మాయి మా దగ్గరే ఉంది. ఏడో నెల. అంతకు ముందొకసారి కడుపు నిలవలేదు. అందుకని డాక్టరమ్మ ఈసారి మంచం దిగొద్దు, ప్రయాణాలు వద్దు, కుదుపులు అసలే వద్దు అని గట్టిగా చెప్పింది. మా అత్తగారు బతికున్నప్పటి నుంచీ మా ఇంట్లో ఇంకో మాట ఉంది. చూలాలున్న ఇంట్లో పొయ్యి కదపకూడదు, ఇల్లు మారకూడదు. డాక్టరూ ఆచారమూ ఒకే మాట మీద నిలబడటం నా జీవితంలో అదే మొదటిసారి చూడటం. నాకు మాత్రం పట్టరాని సంబరంగా ఉండేది. ఆర్డరు జాకెట్లు కుట్టగా మిగిలిన ముక్కలతో చిన్న చిన్న చొక్కాలు కుట్టి దండెం మీద ఆరేసి, ఇంకా పుట్టని బిడ్డ బట్టలు ఆరేస్తారా అని మా ఆయన చేత తిట్లు తిన్నాను.

అమ్మవారిశాల గుడి దసరా ఊరేగింపుల సందడి తగ్గిన వారంలో యజమాని ఫోను చేశాడు.

"అక్కా, మావోళ్లు ఎవురో ఇల్లు చూసేదానికి వస్తాండారు. కొంచెం చూపియ్యి."

చూపిస్తానన్నాను. ఎందుకని అడగలేదు. మా వైపు ఇల్లు కట్టుకోబోయేవాళ్లు పునాది తీయకముందే పది ఇళ్లు తిరిగి చూస్తారు. మెట్లు ఎటు పెట్టారు, వంటింటి కిటికీ ఎటు వచ్చింది, గాలి ఎట్లా ఆడుతుంది, అన్నీ చూసి, కాగితం మీద గీసుకుని పోతారు. చూపించేవాళ్లు కాఫీ ఇచ్చి మరీ చూపిస్తారు. మా ఇంటి ప్లాను బాగుంటుందని అంతకు ముందు కూడా ఒకరిద్దరు అట్లా చూసిపోయారు. వీళ్లూ ఆ బాపతేననుకున్నాను.

వచ్చింది మొగుడూ పెళ్లామూ. పులివెందుల వాళ్లు. ఆయన కువైట్‌లో బండి నడుపుతాడట, సెలవు మీద వచ్చాడు. ఆమె బుర్ఖా ముసుగు వెనక్కి వేసుకుని, ప్రతి గదిలోనూ గడప దగ్గర ఒక్క క్షణం ఆగి లోపలికి చూసేది. ఇద్దరూ మితంగా మాట్లాడే మనుషులు. ఎదుటివాళ్లు మాట్లాడకపోతే ఆ భాగం కూడా నేనే మాట్లాడతాను. పైగా మా ఆయన కూడా డ్రైవరే కాబట్టి వాళ్లు మాకు చుట్టాలే అన్నంత సంబరమొచ్చింది. ముందు కూర్చోబెట్టి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టాను. తర్వాత ఇల్లు మొదలుపెట్టాను.

ఎండాకాలంలో ఏ గది చల్లగా ఉంటుందో చెప్పాను. వానకు ఏ మూలా కారదని గోడ తట్టి చూపించాను. మిద్దె మీదికి తీసుకెళ్లి గాలి చూపించాను. నీళ్ల దగ్గరికొచ్చేసరికి నాకు పూనకమే వచ్చింది. మా సందులో సగం బోర్లు ఉప్పునీళ్లు. మాది తియ్యటి నీరు. చెంబు నిండా పట్టిచ్చి తాగమన్నాను, ఇద్దరూ తాగారు. కొలతలు కావాలేమోనని మిషను మీది టేపు తెచ్చి ఒక కొస ఆయన చేతికిచ్చి, రెండో కొస నేనే పట్టుకుని గోడ పొడవునా నడిచాను.

వెళ్లబోతూ ఆమె నన్నడిగింది. "ఇల్లు కలిసొచ్చిందా అక్కా?"

"కలిసిరావడం అని మెల్లగా అడుగుతావేంది చెల్లీ" అన్నాను. మా ఆయనకు ఈ ఇంట్లో ఉండగానే ఉద్యోగం పర్మినెంటు అయిన సంగతి, అమ్మాయికి మంచి సంబంధం కుదిరిన సంగతి, ఇప్పుడు అది కడుపుతో లోపల గదిలో పడుకుని ఉన్న సంగతి, అన్నీ చెప్పాను. ఆమె తలుపు సందులోంచి మా అమ్మాయి వైపు చూసింది. ఆ తర్వాత మొగుడి వైపు చూసింది. ఆయన తల ఊపాడు. ఆ ఊపడం చూసి కూడా నాకు బుర్ర వెలగలేదు.

ఆ సాయంత్రమే యజమాని ఫోను. గొంతులో పండగ. "అక్కా, నీ నోరు సల్లగుండ. ఇల్లు శానా నచ్చిందంట. బయానా ఇచ్చిపోయినారు."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాళ్ల గురించి విన్నాను. నేను కొమ్మ నరికేవాళ్లకు గొడ్డలి పదును పెట్టిచ్చి, పైగా బజ్జీలు కూడా పెట్టాను. నెలలోగా ఖాళీ చేయాలన్నాడు యజమాని. కొన్నాయనకు, కువైట్‌కు తిరిగి వెళ్లేలోగా పెళ్లాన్ని కొత్త ఇంట్లో దింపి పోవాలని ఉందట. అమ్మాయి సంగతి చెప్పాను. "తెలుసక్కా, ఏం జేసేది, అమ్మేసినాక నా చేతిలో ఏముండాది?" అన్నాడు.

మేమూ అదే నమ్మాం. అద్దె కాగితం రాబోయే ఉగాది దాకా ఉందని నాకూ తెలుసు, మా ఆయనకూ తెలుసు. కానీ ఇల్లే ఆయనది కాకుండా పోయాక, ఆయనతో రాసుకున్న కాగితానికి విలువేముంటుంది? కొన్నవాడు మాకు సంతకం పెట్టలేదు కదా. ఊరంతా అట్లాగే అనుకుంటుంది. ఇల్లు అమ్ముడుపోయిందంటే సామాను సర్దుకోవడమే. మా సందులో ఎన్ని కుటుంబాలు అట్లా కిక్కురుమనకుండా ట్రాక్టరు ఎక్కాయో నేనే చూశాను.

వేరే ఇళ్ల కోసం తిరిగాను. మొదట్లో అందరూ బాగానే మాట్లాడేవారు. కాన్పుకొచ్చిన అమ్మాయి ఉందనగానే మాట మారేది. "పురుడు అయినాక రాండమ్మా, ఇల్లు యాడికీ పోదు" అని ఒకరు. కొత్తగా చేరేవాళ్లు పురుడుతో చేరితే ఇల్లు మైలపడుతుందని ఒక ముసలమ్మ మొహం మీదే చెప్పింది. నువ్వు పుట్టినప్పుడు మీ ఇల్లు మైలపడలేదా అని నేనూ అడిగేశాను. ఆ వీధిలో ఇంక నాకు ఇల్లు దొరకదని అర్థమై ఇంటికొచ్చాను.

అమ్మాయి అంతా వింటూనే ఉంది. "అమ్మా, నేను మా అత్తగారింటికి పోతాలే" అంది. వాళ్లది పెద్దముడియం అవతల పల్లె. ఆ దారిలో మామూలు మనుషులకే నడుం పట్టుకుంటుంది. రాత్రిపూట నొప్పులొస్తే ఆస్పత్రికి చేరేదెప్పుడు? "నువ్వు మంచం దిగితే నీ కాళ్లు కట్టేస్తా" అని కసిరాను. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. ఆ బిడ్డ ఈ ఇంటికే రావాలి, అదొక్కటే నాకు కావలసింది. అది కూడా చేయలేకపోతే నేనెందుకు?

మరుసటి రోజు మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విప్పకుండానే ఒక వార్త చెప్పాడు. డిపోలో ఎవరో అన్నారట, పన్నెండేళ్లు దాటి ఒకే ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఉండేవాళ్లదేనని. మేం దాటి చాలా ఏళ్లయింది. ఆ సంబరంలో నాకు అన్నం సహించలేదు. పెరట్లో ఏ చెట్టు వేయాలో, ముందు గదికి ఏ రంగు కొట్టించాలో కూడా ఆలోచించేశాను. పొద్దున్నే పులివెందుల బస్సెక్కాను. అక్కడ కోర్టులో పనిచేసే ఒక లాయరమ్మ ఉంది, మా సందు పిల్లే. దాని పెళ్లి జాకెట్లన్నీ నేనే కుట్టాను. పక్క సీటామెకు చెప్పాను, ముందు సీటు వాళ్లకు చెప్పాను, కండక్టరుకు చెప్పాను. ముద్దనూరు వచ్చేసరికి సగం బస్సు దృష్టిలో ఆ ఇల్లు మాదైపోయింది.

లాయరమ్మ నా మాట పూర్తిగా విన్నది. అది నాకు ఇంట్లో కూడా జరగదు. చివర్లో ఒక్క ప్రశ్న వేసింది.

"చిన్నమ్మా, నెలనెలా బాడుగ ఎవురికిస్తాండావు?"

"ఓనరుకే."

"అంటే ఇల్లు నీదే సామీ అని నెలనెలా ఆయనకు నువ్వే చెప్తాండావు. ఇంక నీదెట్లయితాది? బాడుగ కట్టుకుంటా ఎన్నేండ్లున్నా ఇల్లు మనది కాదు. ఆ మాట చెప్పినాయన్ను నా దగ్గరికి పంపు."

చెట్టు పోయింది, రంగూ పోయింది. తిరుగు ప్రయాణంలో అదే బస్సు ఎక్కకూడదని మనసులో అనుకున్నాను.

"ఇల్లు అమ్ముకునేదానికి ఆయన నిన్నడగాల్సిన పని గూడా లేదు" అని అది ఇంకో దెబ్బ వేసింది. "కొనుక్కుంటావా అని ముందు నిన్నే అడగాలని మీ అగ్రిమెంటులో రాసుకోలేదు గదా. సరే, అగ్రిమెంటు ఎంతవరకుండాది?"

"ఉగాది దాకా."

"కాన్పు?"

"మార్గశిరంలో అన్నాది డాక్టరు."

"ఐతే ఉండండి" అంది. మంచినీళ్లు తాగమన్నంత తేలిగ్గా అంది.

నాకు కోపమొచ్చింది. "ఉండేదేందమ్మా, ఇల్లు అమ్మేసినాడంటాంటే?"

"అమ్మితే ఓనరు మారతాడు, బాడుగకుండేవాళ్లు మారరు. గోడలు, మిద్దె, బోరు, వాటితో పాటు మీరు. అన్నీ కలిపే ఆయన కొంటాండేది. పాతాయన మీకిచ్చిన గడువు కొత్తాయన గూడా మోయాల. రిజిస్ట్రేషన్ అయినాక బాడుగ కొత్తాయనకు కట్టుకుంటా ఉగాది దాకా ఉండండి. మధ్యలో కరెంటు తీసేసేదానికి లేదు, నీళ్లు బందు చేసేదానికి లేదు, సామాన్లు బయట పారేసేదానికి లేదు. ఉగాది అయినాక ఆయన ఇల్లు కావాలంటే మాత్రం ఖాళీ చెయ్యాల. అప్పుడు మళ్లా నా దగ్గరికి పరిగెత్తుకుంటా రావద్దు. ఇంకోటి, చూలాలు ఇల్లు మారకూడదని ఏ చట్టంలోనూ లేదు. ఆ మాట ఎత్తితే జాలి పడితే పడతారు, లేకుంటే లేదు. నువ్వు ఉగాది మాటే ఎత్తు."

నేను దాని చేత ఆ మాటలు రెండోసారి చెప్పించుకున్నాను. వినడానికి అంత బాగున్నాయి. గోడలతో, బోరుతో కలిపి నన్ను కూడా కొన్నారంటే ఇంకొకరైతే చిన్నబుచ్చుకునేవారేమో. నాకు మాత్రం గాల్లో తేలినట్టుంది. మేం ఇంట్లో పడి ఉన్నవాళ్లం కాదు, ఇంటితో లెక్కలోకి వచ్చేవాళ్లం. బయటికొచ్చి, గండి క్షేత్రం ఎటువైపు ఉంటుందో అటు తిరిగి ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాను. లాయరమ్మ వెనక నుంచి కేకేసి, "చిన్నమ్మా, ఈసారి ఎవురన్నా ఇల్లు చూసేదానికొస్తే ముందు ఎందుకని అడుగు, తర్వాత బజ్జీలు పెట్టు" అంది.

ఇంటికి పోవాలనిపించలేదు. కడుపులో మాట దాచుకుని అంత దూరం పోవడం నా వల్ల కాదు. ముద్దనూరులో దిగి జమ్మలమడుగు బస్సెక్కాను. దారి పొడవునా లాయరమ్మ మాటలు పాఠంలా వల్లె వేసుకున్నాను. యజమాని అంగట్లో రైతులు యూరియా కోసం నిలబడి ఉన్నారు. బస్తాల మధ్యనే నిలబడి, ఆయన రా అక్కా కూసో అనేలోగానే, మొత్తం అప్పజెప్పేశాను.

"ఏమక్కా, లా చదివినావా?" అన్నాడు.

"పొద్దున్నే చదివినా. మరిచిపోతానేమోనని నేరుగా ఈడికే వచ్చినా."

ఆయన మొహం చిన్నదైంది. "ఖాళీ చేపిచ్చి ఇస్తానని ఆయప్పకు మాటిచ్చినా కదక్కా. ఇప్పుడు నా మాట ఏం గావాల?"

"ఆయప్పకు మాటిచ్చినావు, మాకు సంతకమిచ్చినావు కదన్నా" అన్నాను.

యూరియా కోసం వచ్చిన ఒక పెద్దాయన బస్తా మీద కూర్చుని వింటున్నాడు. "సంతకం పెట్టినాక ఇంక మాటేముందప్పా" అన్నాడు. ఆ ఒక్క ముక్కకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది. యజమాని నా మీద ఉన్న కోపమంతా ఆ పెద్దాయన బస్తా కట్టే తాడు మీద చూపిస్తూ, "ఐతే ఆయప్పకు నువ్వే చెప్పుకో. బయానా ఎనక్కడిగితే ఆ పాపం నీదే" అన్నాడు. చెప్పుకుంటానన్నాను. ఆ రోజు నన్ను కలెక్టరు దగ్గరికి పొమ్మన్నా పోయేదాన్ని.

ఇంటికొచ్చి అమ్మాయి మంచం మీద కూర్చున్నాను. "మనం ఇంటితో పాటు వచ్చే సామానంట" అని చెప్పాను. చాలా రోజుల తర్వాత అది కడుపు పట్టుకుని నవ్వింది. లోపల బిడ్డ కూడా కదిలిందంది. నా చెయ్యి తీసి అక్కడ పెట్టుకుంది. మా ఆయన వాకిట్లో నిలబడి, డిపోలో చెప్పినవాణ్ణి తిట్టాలో మొక్కాలో తెలీడం లేదన్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక వాళ్లిద్దరూ వచ్చారు. ఈసారి బజ్జీలు పెట్టలేదు. యుద్ధానికి సిద్ధంగా ఉన్నాను కదా. ఆయన గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"ఖాళీ ఇల్లని చెప్పి బయానా తీసుకున్నాడమ్మా ఆయన. ఇప్పుడు ఫోను చేస్తే మీతో మాట్లాడుకోమంటాండాడు. ఇదేం న్యాయం?"

నేను నా పాఠం అప్పజెప్పాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దదైంది. ఆయన అడ్డుపడకుండా విన్నాడు. అంతా అయ్యాక మెల్లగా అన్నాడు.

"రెండేండ్లకొకసారి వస్తా. ఒక్క గదిలో ఏడుమంది పండుకుంటాం ఆడ. సొంత ఇంట్లో ఒక్క పూటన్నా పండుకుని పోదామనుకున్యా. చట్టం మీ తట్టే ఉందంటే ఉండనీలే. నేను బయానా ఎనక్కి తీసుకుంటా. మీరూ నేనూ ఇద్దరం బాధపడే దానికంటే అదే మేలు."

దానికి లాయరమ్మ ఏ జవాబూ నేర్పలేదు. ఆయన కోపంగా అరిచి ఉంటే తిరిగి అరిచేదాన్ని. ఆయన ఇల్లు కొనుక్కోవడం తప్పు కాదు, మేం ఉండటం తప్పు కాదు. నా గెలుపు ఎక్కడో జారిపోతున్నట్టనిపించింది.

అప్పుడు ఆమె మాట్లాడింది. అంతవరకూ ఆమె లోపలి గది తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"బయానా ఎనక్కి అడగద్దు" అని మొగుడితో అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు మేముండే ఇల్లూ ఇట్లనే అమ్మినారక్కా. నిండు నెలలు. ఈయన కువైట్‌లో. ఖాళీ చెయ్యమన్నారు, చేసినా. సామాన్లన్నీ ఆటోలో ఏసి, స్టవ్వు ఒళ్లో పెట్టుకుని నేనే ముందర కూసున్నా. ఆటోలోనే నొప్పులు పట్టినాయి. అల్లా దయ, బిడ్డకేం కాలా. కానీ ఇంతకాలం నాకు తెలీదు."

"ఏం తెలీదు చెల్లీ?" అన్నాను.

"ఉండచ్చని."

ఆయన పెళ్లాం వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. "ఫోన్లో చెప్పే మాటనా ఇది?" అంది ఆమె. నేను లేచి వంటింట్లోకి పోయి టీ పెట్టాను. నిజానికి టీ కోసం పోలేదు, మొహం కడుక్కోవడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆయన మా ఆయనతో, కువైట్ రోడ్ల మీద వేగం ఎంత, మా బస్సుల వేగం ఎంత అని మాట్లాడుతున్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం నాతో, "ఉగాది దాకా ఉండండమ్మా. బిడ్డ బాగా పుట్టనీ" అన్నాడు.

రిజిస్ట్రేషను అయింది. ఉగాది వరకూ మేం ఉంటామన్న మాట కూడా అందులో రాయించారు. జమ్మలమడుగాయన మా అడ్వాన్సు సంగతి వాళ్లతో అక్కడే తేల్చేశాడు. మాతో ముభావంగా ఉన్నా, వెళ్తూ వెళ్తూ ఓళిగలు ఇంక ఎవరు పెడతారక్కా అన్నాడు. కొన్నాయన విమానమెక్కి వెళ్లిపోయాడు, తన ఇంట్లో ఒక్క పూట పడుకోకుండానే. ఆ రోజంతా నాకు పని మీద మనసు నిలవలేదు. ఆ తర్వాతి నెల నుంచి అద్దె పులివెందులకు పంపాను. పంపిన ప్రతిసారీ ఆమె ఫోను చేసేది. అద్దె అందిందని చెప్పడానికి కాదు, ఇప్పుడెట్లుందక్కా, కాళ్లకు నీరు దిగిందా, అన్నం తింటాందా అని అడగడానికి. ఇంటి సంగతి ఒక్కసారి కూడా అడగలేదు.

మార్గశిరంలో ఒక తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన జీవితమంతా బస్సు తోలిన మనిషి, ఆ రోజు ఆటో ఎక్కించడానికి కూడా చేతులు ఆడక నిలబడిపోయాడు. ఆస్పత్రి దగ్గరే కాబట్టి పొద్దెక్కేలోగా అన్నీ అయిపోయాయి. ఆడపిల్ల. ఏడుపు గట్టిగా ఉందని నర్సు అంటే, మా వంశమేలే అనుకున్నాను. ఆస్పత్రి వరండాలో కనిపించిన ప్రతి మనిషికీ చెప్పాను. ఊడ్చే ఆమెకు రెండుసార్లు చెప్పానట. పులివెందులకు కూడా ఫోను చేసి చెప్పాను. ఆమె, బిడ్డను ఇంటికి ఏ రోజు తీసుకుపోతారో అడిగి ఫోను పెట్టేసింది.

బిడ్డను తెచ్చిన రోజు సందులో వాళ్లంతా మా వాకిట్లోనే ఉన్నారు. గడప దగ్గర తల్లీబిడ్డలకు హారతిచ్చి, ఎర్రనీళ్లతో దిష్టి తీసి లోపలికి తీసుకెళ్లాం. గోల కొంచెం తగ్గాక చూస్తే గేటు బయట ఆమె నిలబడి ఉంది. చేతిలో ఖర్జూరాల డబ్బా, చిన్న గౌను. ఎప్పుడొచ్చిందో తెలీదు. ఎండలో నిలబడి మొహమంతా చెమటలు పట్టి ఉంది.

"ఆడనే నిలబడితివే చెల్లీ" అన్నాను.

"లోపలికి రావచ్చునా అక్కా?" అంది.

రిజిస్ట్రారు ఆఫీసులో ఆమె పేరున రాసిన ఇల్లు. రాసిన తర్వాత ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి. నీ ఇంటికి నువ్వు అడిగి రావాల్నా అని అనబోయాను. ఎన్ని ఇళ్ల గేట్ల ముందు అట్లా నిలబడి అడిగిందో ఆ మనిషి. చట్టం పట్టుకుని మూడూళ్లు తిరిగిన నా నోరు ఆ ఒక్క మాట దగ్గర మూగబోయింది. లోపలికి పరిగెత్తి, మా అమ్మాయి ఒళ్లోంచి బిడ్డను తీసుకొచ్చి, గేటు బయటే ఆమె చేతుల్లో పెట్టాను.

ఆమె ఖర్జూరాల డబ్బా మా ఆయనకిచ్చి, తన ఫోను తీసి నా చేతికిచ్చింది. అందులో కువైట్ నుంచి ఆయన. ఎక్కడో రోడ్డు పక్కన బండి ఆపుకుని కూర్చున్నాడు, వెనక లారీలు పోతున్న చప్పుడు. "కదలకుండా పట్టుకోక్కా, ఆయనకు అంతా కనపడాల" అంది. రెండు చేతులతో పట్టుకున్నాను. ఆమె చెప్పులు విడిచి, బిడ్డ తల భుజానికి ఆనించుకుని, పెదాల మీదనే బిస్మిల్లా అనుకుని, కుడికాలు గడప లోపల పెట్టింది. ఆ ఇంటికి గృహప్రవేశం అట్లా జరిగింది, అద్దెకున్నవాళ్ల బిడ్డనెత్తుకుని.